ప్రాసెసర్ ఒక్కటి, పనులు వంద: కెర్నల్ వంతులు ఎలా వేస్తుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాం. కానీ కవితలు రాసేవాళ్లకు మన హాస్టల్లో ఎప్పుడూ కొదవ లేదు. అందుకని మేము చదివిన ఎంసీఏలోంచి ఒక పాఠం ఎంచుకున్నాం. కంప్యూటర్లు తీసుకున్న ప్రతివాళ్లకూ డిగ్రీలోనో పీజీలోనో 'ఆపరేటింగ్ సిస్టమ్స్' అనే పేపరు ఉంటుంది. అందులో షెడ్యూలింగ్, ప్రీఎంప్షన్ అనే రెండు మాటలు వస్తాయి. తెలుగు మీడియం నుంచి వెళ్లిన మనలాంటివాళ్లం గైడులోని ఇంగ్లీషు నిర్వచనం బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతాం. ఇంటర్వ్యూలో మాత్రం ఆ నిర్వచనం అప్పజెప్పగానే, 'సరే, అది అసలు ఎలా జరుగుతుంది?' అని రెండో ప్రశ్న వేస్తారు. చాలామందికి అక్కడే గొంతు తడారిపోతుంది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసం.

డిస్కు మీద ఊరికే పడి ఉన్నంతసేపు అది ప్రోగ్రాము. మెమరీలోకి ఎక్కి నడవడం మొదలుపెడితే ప్రాసెస్. ఒకే ప్రోగ్రామును మూడుసార్లు తెరిస్తే సాధారణంగా మూడు ప్రాసెస్‌లు. ప్రాసెసర్‌లో ఆదేశాలను అమలు చేసే భాగాన్ని కోర్ అంటారు. లెక్క తేలికగా ఉండడానికి, ఒక కోర్ ఒక క్షణంలో ఒక్క ప్రాసెస్‌నే నడుపుతుందని అనుకుందాం. ఇవాళ చాలా ఫోన్లలో ఎనిమిది కోర్లు ఉంటాయి, ప్రాసెస్‌లు మాత్రం వందల్లో ఉంటాయి. పాట వినిపిస్తుంటుంది, మెసేజ్ వస్తుంటుంది, ఫొటో దిగుమతి అవుతుంటుంది. అన్నీ ఒకేసారి జరుగుతున్నట్టు కనిపించడానికి కారణం, మన కంటికి అందనంత వేగంగా వంతులు మారడమే. ఈ వంతులు వేసేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్. అందులో 'ఇప్పుడు ఎవరి వంతు' అని తేల్చే భాగం షెడ్యూలర్. నడుస్తున్న ప్రాసెస్ తనంతట తాను లేవకముందే దాన్ని పక్కకు జరిపి ఇంకొకదానికి చోటివ్వడం ప్రీఎంప్షన్.

మన మెదక్ ప్రాంతంవాళ్లకు ఇది చెప్పడం తేలిక. చెరువు కిందో కాలువ కిందో సేద్యం ఎరిగిన ప్రతివాళ్లకూ నీరటి తెలుసు. మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు బయలుదేరతాయి. పారే నీళ్లు ఒకటే, తడవాల్సిన మళ్లు వేలు. ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసి, వంతు అయిపోగానే మడవ కట్టి పక్క మడికి మళ్లించేవాళ్లు ఒకరు ఉండాలి. లేకపోతే తగాదాలే.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. 'ఏం చదువుతున్నవ్ బిడ్డా?' అని మా బాపు అడిగితే, ప్రాసెసర్ అంటే నీళ్లు, ప్రాసెస్‌లు అంటే మళ్లు, కెర్నల్ అంటే నీరటి అని చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, 'మరి నీరటోడు పండుకుంటే ఎట్ల?' అన్నాడు. మా సిలబస్ పుస్తకంలో ఏ అధ్యాయం చివరా ఇంత మంచి ప్రశ్న లేదు. ఎందుకంటే కెర్నల్ నిజంగానే పండుకుంటుంది.

ఇదే ఈ పాఠం మొత్తంలో అసలు ముడి. నీరటికి సొంత కాళ్లున్నాయి. మన మడిలో నీళ్లు పారుతున్నంతసేపూ ఆయన గట్టు మీద తిరుగుతూ చూస్తూనే ఉంటాడు. కెర్నల్‌కు అలాంటి సొంత కాళ్లు లేవు. అది కూడా మెమరీలో ఉన్న కొన్ని ఆదేశాలే. అది పని చేయాలన్నా దానికీ అదే ప్రాసెసర్ కావాలి. ఒకే కుర్చీ ఉన్న గదిని ఊహించుకోండి. కుర్చీలో కూర్చున్నవాళ్లే పని చేయగలరు. పిల్లలు కూర్చోవాల్సిందీ అదే కుర్చీ, వంతులు వేసే సారు కూర్చోవాల్సిందీ అదే కుర్చీ. ఒక పిల్లవాడు కూర్చున్నాడంటే సారు ఆ గదిలో లేనట్టే. ఆ పిల్లవాడు ఎప్పటికీ లేవకపోతే? సారు వచ్చి లేపలేడు, ఎందుకంటే లేపడం కూడా కుర్చీలో కూర్చుని చేయాల్సిన పనే.

ప్రాసెస్ తనంతట తాను లేచే సందర్భాలు ఉంటాయి. డిస్కు నుంచి ఫైలు కావాలన్నా, తెర మీద అక్షరం రాయాలన్నా అది కెర్నల్‌ను అడగాల్సిందే. దీన్ని సిస్టమ్ కాల్ అంటారు. అడిగిన క్షణంలో కుర్చీ కెర్నల్‌కు దక్కుతుంది. డిస్కు నుంచి ఫైలు వచ్చేదాకా ఈ ప్రాసెస్‌ను పక్కన పడుకోబెట్టి ఇంకొకదాన్ని కూర్చోబెడుతుంది. చాలా వంతులు ఇలా మర్యాదగానే మారతాయి. అయితే ఏమీ అడగకుండా, లోపల్లోపలే లెక్కలు చేసుకుంటూ పోయే ప్రాసెస్‌ల మాటేమిటి? అంతం లేని లూపులో పడ్డ ప్రోగ్రాము ఎవరినీ ఏమీ అడగదు.

పాత విండోస్ 3.1 అంతా మర్యాద మీదే నడిచింది. ప్రతి ప్రోగ్రామూ మధ్యమధ్యలో తానే లేచి పక్కవాడికి చోటివ్వాలి. ఒక్క ప్రోగ్రాము మొండికేస్తే మొత్తం తెరంతా బిగుసుకుపోయేది, ఇసుక గడియారం గుర్తు చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది తక్కువ. 1995లో వచ్చిన విండోస్ 95 తన కొత్త రకం 32-బిట్ ప్రోగ్రాములకు ప్రీఎంప్షన్ ఇచ్చింది. ఆపిల్ కంపెనీ మ్యాక్ కంప్యూటర్లయితే 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చేదాకా ప్రధానంగా ఈ మర్యాద పద్ధతిలోనే ఉన్నాయి. అంత పెద్ద కంపెనీ అంతకాలం పిల్లల మంచితనం మీద తరగతి నడిపిందన్నమాట.

మరి పండుకున్న నీరటిని లేపేదెవరు? గడియారం. ప్రాసెసర్‌కు అనుబంధంగా టైమర్ అనే చిన్న హార్డ్‌వేర్ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే, ఇంకా ఏ ప్రోగ్రామూ కుర్చీ ఎక్కకముందే, కెర్నల్ ఆ టైమర్‌ను సిద్ధం చేసి పెట్టుకుంటుంది: ఇంతసేపటికి ఒకసారి నన్ను లేపు అని. లినక్స్ కెర్నల్‌లో పాతరోజుల్లో ఇది సెకనుకు 100 సార్లు మోగేది. తర్వాత 250, 1000 కూడా వాడుకలోకి వచ్చాయి. టైమర్ మోగడాన్ని ఇంటరప్ట్ అంటారు. అది మోగగానే ప్రాసెసర్ చేతిలో ఉన్న పనిని అక్కడికక్కడ ఆపి, కెర్నల్ ముందే రాసిచ్చిన చిరునామాకు దూకుతుంది. ఇందులో ప్రోగ్రాము ఇష్టాయిష్టాలతో పని లేదు. దానికి తెలియను కూడా తెలియదు.

తెలివైన తమ్ముడు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి: ప్రోగ్రామే ఆ టైమర్‌ను ఆపేస్తే? ఆపలేదు. ప్రాసెసర్‌లో రెండు రకాల హోదాలు ఉంటాయి. కెర్నల్ నడిచేటప్పుడు ఒకటి, మామూలు ప్రోగ్రాములు నడిచేటప్పుడు ఒకటి. ఇంటరప్ట్‌లను ఆపే ఆదేశం మొదటి హోదాలోనే చెల్లుతుంది. మామూలు ప్రోగ్రాము ఆ ఆదేశం ఇవ్వబోతే ప్రాసెసరే దాన్ని పట్టుకుని కెర్నల్‌కు అప్పగిస్తుంది. కెర్నల్ సాధారణంగా ఆ ప్రోగ్రామును అక్కడే ముగించేస్తుంది. కాబట్టి ప్రీఎంప్షన్ అంటే కేవలం సాఫ్ట్‌వేర్ తెలివి కాదు. గడియారం, రెండు హోదాలు అనే రెండు హార్డ్‌వేర్ ఏర్పాట్లు దాని కింద ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు, ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

టైమర్ మోగగానే వంతు వెంటనే మారిపోతుందని కూడా అనుకోవద్దు. లినక్స్‌లో జరిగేది ఇది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు కెర్నల్ లెక్క చూస్తుంది. నడుస్తున్న ప్రాసెస్ తన వాటా వాడేసుకుంటే, దాని పేరు మీద 'మార్చాలి' అని ఒక చీటీ పెడుతుంది. ఇంటరప్ట్ పని ముగించుకుని తిరిగి ప్రోగ్రాములోకి వెళ్లబోయే గుమ్మం దగ్గర ఆ చీటీ ఉందా అని చూస్తుంది. ఉంటే షెడ్యూలర్‌ను పిలుస్తుంది. అప్పుడు కాంటెక్స్ట్ స్విచ్ జరుగుతుంది: ప్రాసెసర్ రిజిస్టర్లలో ఉన్న అంకెలు, ఏ ఆదేశం దగ్గర ఆగామన్న గుర్తు అన్నీ పాత ప్రాసెస్ ఖాతాలో భద్రపరచి, కొత్త ప్రాసెస్ ఖాతాలోంచి దాని అంకెలు తీసి రిజిస్టర్లలో నింపడం. లెక్క మధ్యలో ఉన్నవాడి నోటుబుక్కు మూసి బీరువాలో పెట్టి, పక్కవాడి నోటుబుక్కు సరిగ్గా ఆపిన పేజీ దగ్గర తెరిచి ఇచ్చినట్టు. దీనికి పట్టే సమయం మైక్రోసెకన్లలోనే ఉంటుంది కానీ ఉచితం కాదు. అందుకే వంతు మరీ చిన్నది చేస్తే నోటుబుక్కులు మార్చడంతోనే పొద్దుపోతుంది. మరీ పెద్దది చేస్తే కీబోర్డు నొక్కిన అక్షరం ఎప్పటికోగానీ కనబడదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దాన్ని త్వరగా చెప్పేస్తాం. ప్రాసెస్ సిస్టమ్ కాల్ చేసి కెర్నల్ లోపల ఉన్నప్పుడు టైమర్ మోగితే? పాత లినక్స్ అప్పుడు వంతు మార్చేది కాదు, బయటికి వచ్చేదాకా ఆగేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి లోపల ఉండగా కూడా లేపే వీలు కలిగింది. దాదాపు ప్రతిచోటా లేపగలిగే పూర్తి రియల్ టైమ్ ఏర్పాటు మాత్రం ఇరవై ఏళ్లు వేరే ప్యాచ్‌గానే నడిచి, 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నల్‌లో అసలు లినక్స్‌లో కలిసింది.

లేపడం అయింది. తర్వాత ఎవరిని కూర్చోబెట్టాలి? గైడు పుస్తకాలు ఇక్కడే మొదలవుతాయి: ముందొచ్చినవాడికి ముందు, చిన్న పనికి ముందు, వరుసగా తలా కాసేపు, ప్రాధాన్యం ప్రకారం. ఒక్కో పద్ధతికి ఒక్కో గాంట్ చార్టు. వాటిని మీరు ఎలాగూ గీస్తారు, మేము గీయం. మనకు కావాల్సింది వాటిలో ఉన్న అన్యాయం ఏమిటన్నది. ముందొచ్చినవాడికే ముందు ఇస్తే, బట్టల మూటతో కుళాయి పట్టినవాడి వెనుక చెంబు నీళ్లు కావాల్సినవాడు గంట నిలబడాలి. చిన్న పనికే ముందు ఇస్తే, చెంబులవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటే బట్టలవాడి వంతు ఎప్పటికీ రాదు. ప్రాధాన్యాన్నే నమ్మితే, కాలువ తల దగ్గరివాళ్లు తడుపుకుంటూనే ఉంటారు, చివరి మడి నెర్రెలు బారుతుంది. చివరి మడి సంగతి మాకు పుస్తకంలో చదవకముందే తెలుసు, మా బాపు కౌలుకు చేసింది అలాంటి మడినే. దీనికి ఇంగ్లీషు పుస్తకాలు పెట్టిన పేరు స్టార్వేషన్, అంటే ఆకలితో మాడడం. అమెరికాలోని ఎంఐటీలో ఒక పాత ఐబీఎం కంప్యూటర్‌ను 1973లో మూసేసినప్పుడు, 1967లో ఇచ్చిన ఒక చిన్న ప్రాధాన్యపు పని ఇంకా మొదలుకాకుండా అందులో దొరికిందని పాఠ్యపుస్తకాలు వదంతిగా రాస్తాయి. వదంతే కావచ్చు, కానీ ఆరేళ్లు వరుసలో నిలబడ్డవాడి కథ మనకు నమ్మశక్యంగానే ఉంటుంది.

అదే ఎంఐటీలో 1961లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒక కంప్యూటర్‌ను పలువురు ఒకేసారి వాడుకునే పద్ధతిని చేసి చూపించింది. అప్పటికి మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఇంకా పుట్టలేదు, అది 1967లో మొదలైంది. కోర్బాటో వాళ్లది ఒకటి కాదు, పలు వరుసల పద్ధతి. కొత్తగా వచ్చిన చిన్న పని పై వరుసలో ఉంటుంది. ఎక్కువసేపు కుర్చీ వాడుకున్నకొద్దీ కింది వరుసకు దిగుతుంది. ఎవరిది చిన్న పనో ముందే చెప్పమని అడగనక్కర్లేదు, ప్రవర్తన చూసి తెలుసుకోవచ్చు. ఈ ఆలోచన యునిక్స్‌లో, విండోస్‌లో వేర్వేరు రూపాల్లో ఇప్పటికీ బతికే ఉంది.

లినక్స్ వేరే దారి పట్టింది. ఆ కథలో మాకు బాగా నచ్చిన మనిషి కాన్ కొలివాస్. ఆయన ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు, కంప్యూటర్ ఇంజనీరు కాదు. ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ ముక్కుతూ మూలుగుతూ నడవడం చూసి విసిగి, తానే షెడ్యూలర్ రాయడం మొదలుపెట్టాడు. అందరికీ న్యాయంగా పంచితే ఇంత గందరగోళం అక్కర్లేదని ఆయన వాదన. 2007లో ఇంగో మోల్నార్ అనే హంగేరీ ఇంజనీరు ఆ ఆలోచనకు కొలివాస్ పేరు చెప్పి గౌరవిస్తూనే సొంతంగా సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ రాశాడు. 2007 అక్టోబరులో వచ్చిన 2.6.23 కెర్నల్‌లో చేరింది మోల్నార్ రాసినదే. కొలివాస్ నొచ్చుకుని కొంతకాలం కెర్నల్ పనికే దూరమయ్యాడు. ఆయన బాధలో న్యాయం ఉందనే మేము అనుకుంటాం.

సీఎఫ్ఎస్ పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది, అంత సాదాగా ఉంటుంది. ప్రతి ప్రాసెస్‌కూ ఒక మీటరు పెడతారు. అది కుర్చీలో కూర్చున్నంతసేపూ మీటరు తిరుగుతుంది. ఎవరి మీటరు అందరికంటే తక్కువ చూపిస్తుందో తర్వాతి వంతు వాళ్లదే. అంతే. ప్రాధాన్యం సంగతేమిటంటే, మీటరు తిరిగే వేగం మారుతుంది. ప్రతి ప్రాసెస్‌కూ 'నైస్' అనే విలువ ఉంటుంది, మైనస్ 20 నుంచి 19 దాకా. నైస్ అంటే మంచివాడు, ఎంత పెద్ద అంకె అయితే అంత పక్కవాళ్లకు వదిలేసే రకం. నైస్ 0 ఉన్నదాని బరువు 1024, నైస్ 5 ఉన్నదాని బరువు 335. నైస్ 0 ప్రాసెస్ 3 మిల్లీసెకన్లు నడిస్తే మీటరు 3 చూపిస్తుంది. నైస్ 5 ప్రాసెస్ అదే 3 మిల్లీసెకన్లు నడిస్తే మీటరు 9 దాటుతుంది. ఇక మొదటిది ఆ 9ని అందుకునేదాకా రెండోదానికి వంతు రాదు. కానీ అందుకోగానే తప్పకుండా వస్తుంది. నైస్ 19 బరువు 15 మాత్రమే, అయినా సున్నా కాదు. చివరి మడికీ కొన్ని నీళ్లు వచ్చి తీరతాయి.

పాట తెగకుండా వినిపించడం వెనుక రహస్యం కూడా ఈ మీటరే. పాట ప్లేయరు ఎక్కువ సమయం నిద్రలోనే ఉంటుంది, అప్పుడప్పుడు లేచి కొంచెం శబ్దం పంపి మళ్లీ పడుకుంటుంది. దాని మీటరు ఎప్పుడూ వెనుకబడే ఉంటుంది కనుక లేచిన వెంటనే, గంటల తరబడి లెక్క చేస్తున్న పెద్ద ప్రాసెస్‌ను జరిపి అది కూర్చుంటుంది. అయితే నిన్నంతా పడుకుని 'ఆ గంటలన్నీ ఇవాళ ఇవ్వండి' అంటే చెల్లదు. లేచినప్పుడు దాని మీటరును మిగతావాళ్ల మీటర్ల దగ్గరికి తెచ్చి పెడతారు.

పదహారేళ్ల తర్వాత, 2023 అక్టోబరులో వచ్చిన 6.6 కెర్నల్‌లో సీఎఫ్ఎస్ ఎంపిక పద్ధతి స్థానంలో ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి వచ్చింది. దాని సిద్ధాంతం 1995 నాటిదే, రాసినవాళ్లు అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దుల్ వహాబ్. బరువులు, మీటర్లు అలాగే ఉన్నాయి. కొత్తగా చేరింది గడువు. న్యాయంగా రావాల్సినదానికంటే ఎక్కువ వాడుకోనివాళ్లనే ముందు వేరు చేసి, వాళ్లలో ఎవరి గడువు ముందుంటే వాళ్లను కూర్చోబెడుతుంది. చిన్న చిన్న వంతులు చాలన్నవాళ్ల గడువు ముందుకు వస్తుంది. మొత్తం వాటా మాత్రం పెరగదు.

న్యాయమైన వాటా చాలని పనులూ ఉన్నాయి. 2022 మార్చి 4న మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య కవచ్ వ్యవస్థను పరీక్షించారు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చిన ఇంజన్లను కవచ్ దానంతటదే బ్రేకు వేసి 380 మీటర్ల ఎడంలో ఆపింది. అలాంటిచోట 'బ్రేకు లెక్కకు 25 శాతం వాటా ఇచ్చాం' అంటే ఎవరూ ఒప్పుకోరు. ఇంత సమయంలోపు జరగాలి, ఆలస్యమైతే జరిగినా ఒకటే జరగకపోయినా ఒకటే. వీటిని రియల్ టైమ్ పనులంటారు. వీటిలో సాధారణంగా పై ప్రాధాన్యం ఉన్న పని లేచిందంటే కింది పని వెంటనే పక్కకు జరగాల్సిందే.

అక్కడా ఒక గుంట ఉంది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక కొద్ది రోజులకే పదేపదే దానంతటది రీసెట్ కావడం మొదలుపెట్టింది. దానిలో ఉన్నది విఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ కెర్నల్. వాతావరణ కొలతలు తీసే చిన్న పని, అందరూ పంచుకునే ఒక తాళం తీసుకుంది. సమాచారం చేరవేసే పెద్ద పనికి అదే తాళం కావాలి కనుక అది ఆగింది. ఇంతలో రెంటికీ మధ్య స్థాయి పని ఒకటి లేచి, చిన్న పనిని కుర్చీలోంచి జరిపేసింది. స్టోరు రూము తాళంచెవి ఐదో తరగతి పిల్లవాడి జేబులో ఉంది, వార్డెన్ సారు దాని కోసం చూస్తున్నారు, పదో తరగతి పిల్లలు ఆ పిల్లవాణ్ని వేరే పనికి పట్టుకుపోయారు. అలాంటిది. పెద్ద పని గడువులో కాకపోవడం చూసి కాపలా టైమర్ మొత్తాన్ని రీసెట్ చేసింది.

దీనికి మందు 1990లోనే పత్రంగా వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒకరు మన దేశంలో చదివి అమెరికా వెళ్లిన రఘునాథన్ రాజ్‌కుమార్, మిగతా ఇద్దరు లూయి షా, జాన్ లెహోజ్కీ. పెద్ద పని తాళం కోసం ఆగినప్పుడు, తాళం చేతిలో ఉన్న చిన్న పనికి ఆ కాసేపు పెద్ద పని హోదానే ఇవ్వాలి. అప్పుడు మధ్యవాళ్లు దాన్ని జరపలేరు, అది త్వరగా పని ముగించి తాళం ఇచ్చేస్తుంది. విఎక్స్‌వర్క్స్‌లో ఈ సదుపాయం ముందే ఉంది, ఆ తాళానికి మాత్రం ఆన్ చేయలేదు. భూమి మీది నుంచి ఆన్ చేసి పంపారు, రీసెట్లు ఆగాయి.

చివరగా, కాలేజీ ల్యాబులో లినక్స్ ఉన్నవాళ్లు ఇది చేసి చూడండి. 'యెస్' అనే ఆదేశం ఒకే అక్షరాన్ని ఆపకుండా ముద్రిస్తూ పోతుంది, దాని ముద్రణను డెవ్ నల్‌లోకి మళ్లించండి. ఒకే టెర్మినల్‌లో దాన్ని రెండుసార్లు నడపండి, ఒకటి మామూలుగా, ఒకటి నైస్ 5తో. టాస్క్‌సెట్‌తో రెంటినీ ఒకే కోర్‌కు కట్టేయడం ముఖ్యం, లేకపోతే రెండూ చెరో కోర్ ఎక్కి కూర్చుని మీకు ఏమీ కనబడదు. తర్వాత టాప్ తెరిచి సీపీయూ శాతం చూడండి. 1024ను, 335ను కూడి భాగించుకుంటే ఒకటి 75 దగ్గర, ఇంకోటి 25 దగ్గర ఉండాలి. వేర్వేరు టెర్మినల్స్‌లో నడిపితే చాలా లినక్స్‌లలో సగం సగం వస్తుంది, ఎందుకంటే అక్కడ కెర్నల్ ముందు టెర్మినల్స్ మధ్య సమానంగా పంచి, ఆ తర్వాతే లోపల నైస్ చూస్తుంది. రెనైస్‌తో ఆ 5ను 19 చేయండి, 25 కాస్తా ఒకటిన్నర దగ్గరికి పడిపోతుంది. మళ్లీ 5కు దించబోతే సాధారణంగా మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు. చూడడం అయ్యాక 'కిల్ఆల్ యెస్' కొట్టి రెంటినీ ఆపేయండి, తర్వాతి బ్యాచ్‌వాళ్లు ఆ కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ల్యాబ్ సారుకు చెప్పకముందే.